మాంటిసోరి శిశువిద్యా విధానము – గ్రామ పంచాయతీల కర్తవ్యము

గ్రామ పంచాయతీ సమావేశములలో మంచినీరు, వీధిదీపములు, మురుగు కాలువలు, రహదారులు తరచుగా చర్చకు వచ్చుచుండును. ఇవి యన్నియు అవసరములే. కాని ఊరిలోని మూడేండ్లు మొదలు ఆరేండ్ల వరకు వయస్సు గల పిల్లలు ఉదయము నుండి మధ్యాహ్నము వరకు ఎచ్చట ఉన్నారు, ఏమి చేయుచున్నారు అను ప్రశ్న కార్యక్రమ పత్రమున కనిపించుట అరుదు. ఆ పిల్లలకు ఓటు లేదు. తమకు కావలసినది ఇది యని సభకు వచ్చి చెప్పుకొనలేరు. ఈ ఏడు వేయలేని రహదారిని మరుసటి యేడు వేసికొనవచ్చును. నాలుగేండ్ల పిల్లవానికి ఆ నాలుగవ యేడు మరల రాదు.

ఇది పంచాయతీకి సంబంధించని విషయమని అనుకొనుటకు వీలులేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగినవిగా 29 విషయములు పేర్కొనబడినవి. అందు 17వది ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో కూడిన విద్య. 25వది స్త్రీ శిశు అభివృద్ధి. ఆరేండ్లు నిండువరకు పిల్లలందరికి సంరక్షణను, విద్యను సమకూర్చుటకు రాజ్యము పాటుపడవలెనని 2002 నాటి 86వ సవరణచే మారిన 45వ అధికరణము ఆదేశించుచున్నది.

ఈ వయస్సు పిల్లల విద్యను గూర్చి చెప్పునపుడు మాంటిసోరి అను పేరు తరచుగా వినవచ్చును. పట్టణములలో ఆ పేరుతో అనేక పాఠశాలలు కలవు. అది ధనవంతుల పిల్లలకు, ఎక్కువ రుసుము చెల్లింపగలవారికి మాత్రమే తగినదను అభిప్రాయము గ్రామములలో బలపడి యున్నది. ఆ పద్ధతి పుట్టుకను, అందలి సారమును తెలిసికొన్నచో ఈ అభిప్రాయము నిలువదు.

రోము నగరములో తొలి శిశుగృహము

మేరియా మాంటిసోరి 1870 ఆగస్టు 31వ తేదీన ఇటలీ దేశములోని కియరవల్లె అను పట్టణమున జన్మించిరి. స్త్రీలు వైద్యవిద్య నభ్యసించుట అరుదైన ఆ దినములలో ఆమె 1896లో రోము విశ్వవిద్యాలయమునుండి వైద్యపట్టము పొందిరి. తొలుత ఆమె పనిచేసినది, బుద్ధిమాంద్యము గలవారని సమాజము విడిచిపెట్టిన పిల్లల నడుమ. అట్టి పిల్లలకొరకు ఇటార్, సెగ్విన్ అను ఫ్రెంచి వైద్యులు చేసిన కృషిని ఆమె శ్రద్ధతో అధ్యయనము చేసి, చేతితో తాకి, పట్టి, పోల్చి నేర్చుకొనుటకు వీలైన పరికరములను రూపొందించిరి. ఆ పిల్లలలో కొందరు సాధారణ పాఠశాలల పిల్లలతో పాటు పరీక్షకు కూర్చుండి ఉత్తీర్ణులైరి. చూచినవారందరును ఆశ్చర్యపడిరి. మాంటిసోరి మాత్రము వేరొక విధముగా ఆలోచించిరి. ఏ లోపమును లేని పిల్లలు తమ పాఠశాలలలో ఇంతకంటె ముందుకు పోలేకపోవుటకు కారణమేమి? ఆ పాఠశాలలే వారిని అణచి యుంచుచున్నవి కాబోలు నని ఆమెకు తోచెను.

దానిని పరీక్షించు అవకాశము 1907లో లభించెను. రోములో సాన్ లోరెంజో అనునది పేదలు నివసించు వాడ. ఒక గృహనిర్మాణ సంస్థ అచ్చటి పాడుపడిన భవనములను బాగుచేయించి కుటుంబములకు అద్దెకిచ్చెను. తల్లిదండ్రులు తెల్లవారగనే పనులకు పోవుచుండిరి. బడి యీడు రాని పిల్లలు చూచువారు లేక మెట్లపై తిరుగుచు, గోడలపై గీతలు గీయుచు, కట్టడములను పాడుచేయుచుండిరి. గోడల మరమ్మతుకగు ఖర్చుతోనే ఈ పిల్లలను ఒక గదిలో చేర్చి చూచుకొనవచ్చునని ఆ సంస్థ తలచి, ఆ భారమును డాక్టర్ మాంటిసోరికి అప్పగించెను. 1907 జనవరి 6వ తేదీన సుమారు 50 మంది పిల్లలతో తొలి ‘శిశుగృహము’ ప్రారంభమయ్యెను. పిల్లలను చూచుకొనుటకు నియమింపబడినది ఉపాధ్యాయ శిక్షణ పొందని ఒక యువతి.

అచ్చట జరిగిన రెండు సంఘటనలు గమనింపదగినవి. మూడేండ్ల పాప యొకతె, వివిధ పరిమాణములు గల కొయ్య బిళ్ళలను వాటికి తగిన గుంటలలో అమర్చుచు, తీసివేయుచు, మరల అమర్చుచు నలుబదికి పైగా పర్యాయములు ఆ పనిచేసెను. చుట్టును పిల్లలచేత పాటలు పాడించినను, ఆమె కూర్చున్న కుర్చీని ఎత్తి బల్లపై పెట్టినను ఆమె దృష్టి చెదరలేదు. చిన్నపిల్లలకు నిలుకడ ఉండదను నమ్మకము అటుపిమ్మట మాంటిసోరికి లేకపోయెను. తనకు తగిన పని దొరకనప్పుడే పిల్లవాని మనస్సు నిలువదని ఆమె గ్రహించిరి.

రెండవది. పరికరములను పెద్ద బీరువాలో పెట్టి తాళము వేయుట మొదటి అలవాటు. ఒకనాడు తాళము వేయుట మరచిపోవుట జరిగెను. ఉపాధ్యాయిని వచ్చి చూడగా పిల్లలు తలుపు తెరచి, తమకు కావలసిన వస్తువులను ఎన్నుకొని పని ప్రారంభించి యుండిరి. దొంగతనమని ఆ యువతి వారిని శిక్షింపబోయెను. ఏ వస్తువు ఎచ్చట ఉండునో, తమకు ఏది కావలెనో పిల్లలకు తెలిసిన దనుటకు ఇది సాక్ష్యమని మాంటిసోరి భావించిరి. నాటినుండి తాళపు బీరువా పోయి, పిల్లల చేతికందు ఎత్తులో తెరచియుండు అరలు వచ్చెను. ఈ పద్ధతి యందు నేటికిని మారని ఏర్పాటు అది.

పద్ధతిలోని ముఖ్యాంశములు

మొదటిది, స్థలమును సిద్ధపరచుట. గదిలోని ప్రతి వస్తువును పిల్లవాని కొలతకు తగినట్లుండవలెను. అరలు వాని ఛాతీ యెత్తున ఉండవలెను. నీళ్ళ కుండ, లోటా, చీపురు, చేట, బకెట్టు అన్నియు వాడు ఎత్తగలిగినంతవే కావలెను. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క చోటుండవలెను. నీళ్ళు త్రాగుటకు సయితము పెద్దలను పిలువవలసిన గదిలో పిల్లవాడు పరాధీనుడు. తానే ముంచుకొని త్రాగగల గదిలో వాడు ఇంటివాడు.

రెండవది, స్వేచ్ఛయు క్రమమును. అరలోనున్న పనులలో దేనినైనను పిల్లవాడు ఎన్నుకొనవచ్చును, ఎంతసేపైనను చేయవచ్చును. కాని తెచ్చిన వస్తువును తెచ్చినచోటనే పెట్టవలెను. ఇంకొకడు చేయుచున్న పనిని లాగుకొనరాదు. తన వంతు వచ్చువరకు వేచియుండవలెను. ఒక్కొక్క వస్తువు ఒక్కటే యుండుట వలన ఈ ఓర్పు సహజముగా అలవడును. నేలపై పరచుకొను చిన్న చాపయే వాని పొలము. దాని గట్టు దాటి ఇతరులు రారు.

మూడవది, తప్పును వస్తువే చెప్పుట. పది గుంటలలో పది బిళ్ళలు అమర్చునపుడు ఒకటి తప్పినచో చివర నొకటి ఇమడక మిగులును. పిల్లవాడు తానే చూచి తానే సవరించుకొనును. ఉపాధ్యాయిని ‘తప్పు’ అని పలుకనక్కరలేదు, బెత్తము ఎత్తనక్కరలేదు.

నాలుగవది, వివిధ వయస్సులవారు కలసియుండుట. మూడేండ్లవారు, ఐదేండ్లవారు ఒకే గదిలో ఉందురు. చిన్నవారు పెద్దవారిని చూచి నేర్చుకొందురు. పెద్దవారు నేర్పుటవలన తాము నేర్చినది స్థిరపరచుకొందురు. మన అంగన్‌వాడీలలో ఒకే గది, ఒకే కార్యకర్త, మూడు వయస్సుల పిల్లలు ఉండుట లోపమని చాలమంది తలచుచున్నారు. మాంటిసోరి కోరి చేసిన ఏర్పాటు సరిగా అదియే.

ఐదవది, ఉపాధ్యాయిని నడవడి. ఆమె గది మధ్య నిలిచి పాఠము చెప్పదు. ఒక్కొక్క పిల్లవాని ప్రక్కన కూర్చుండి, మాటలు తగ్గించి, పనిని నెమ్మదిగా చేసి చూపును. తరువాత ప్రక్కకు తప్పుకొని గమనించును. పిల్లవాడు తానే చేసికొనగల పనిలో చేయి పెట్టకుండుట ఆమె నేర్చుకొనవలసిన పాఠములలో కష్టమైనది.

పిల్లలు చేయు పనులు

నిత్యజీవితపు పనులతో విద్య ప్రారంభమగును. ఒక గిన్నెనుండి మరొక గిన్నెలోనికి బియ్యము ఒలుకకుండ పోయుట, తరువాత నీళ్ళు పోయుట, గుడ్డలు మడుచుట, బొత్తాములు పెట్టుకొనుట, ఊడ్చుట, మొక్కలకు నీరు పెట్టుట, కందులను పెసలను వేరుచేయుట, వేరుశనగ కాయలు ఒలుచుట – ఇట్టివి. ఇవి ఇంటిలో అమ్మ చేయు పనులే కదా, బడిలో ఎందుకని తల్లిదండ్రులు అడుగుట సహజము. మూడు వ్రేళ్ళతో గింజను పట్టుకొను పిల్లవాడు రేపు బలపమును పట్టుకొనును. ఎడమనుండి కుడికి, మొదలునుండి చివరకు ఒక పనిని పూర్తిచేయుట అలవడినవానికి చదువు పని కష్టము కాదు. గింజలను ముక్కులోను చెవిలోను పెట్టుకొను వయస్సు కావున పనివేళ కార్యకర్త దృష్టి వారిపై ఉండవలెను.

అంగన్‌వాడీలలో మధ్యాహ్న భోజనమే ఇందుకు చక్కని పాఠము. రోములోని శిశుగృహములలో పిల్లలే బల్లలు సర్ది, వడ్డించి, పాత్రలు తీయుచుండిరి. మన పిల్లలును చేతులు కడుగుకొని, చాపలు పరచి, పళ్ళెములు లెక్కపెట్టి పెట్టవచ్చును. ఉడికిన గుడ్డు పెంకును తానే ఒలుచుకొను పిల్లవానికి ఆనాడు ఆహారముతో పాటు పాఠమును లభించినట్లే.

రెండవది ఇంద్రియ శిక్షణ. ఒక సెంటీమీటరు మొదలు పది సెంటీమీటర్ల వరకు క్రమముగా పెరుగు పది ఘనములను ఒకదానిపై ఒకటి పేర్చి గోపురము కట్టుట, ఆడించినపుడు ఒకే ధ్వని వచ్చు డబ్బీలను జత కూర్చుట, కనులు మూసికొని గరుకు నునుపు గుర్తించుట ఇందలి అభ్యాసములు. చూచుట, వినుట, తాకుట నిశితమైనకొలది ఆలోచనయు నిశితమగును.

మూడవది అక్షరములు. ఉప్పుకాగితము, అనగా వడ్రంగులు వాడు గరుకు కాగితమును అక్షరాకృతిలో కత్తిరించి అట్టపై అంటించెదరు. పిల్లవాడు రెండు వ్రేళ్ళతో దానిని తడుముచు దాని ధ్వనిని పలుకును. మన అక్షరాభ్యాసమున పళ్ళెములోని బియ్యముపై పిల్లవాని వ్రేలు పట్టి దిద్దింతుము. వ్రేలితో అక్షరమును తెలిసికొనుట మనకు క్రొత్త కాదు. ఇచ్చట పెద్దల చేయి పట్టుకొనదు. గరుకుదనమే దారి చూపును. నేర్పుటలో మూడు మెట్లు కలవు. ‘ఇది గ, ఇది ప’ అని చెప్పుట మొదటిది. ‘గ ఏది? చూపుము’ అనుట రెండవది. ‘ఇది ఏమి?’ అని అడుగుట మూడవది. పిల్లవాడు తప్పినచో మందలింపక, ఆనాటికి ప్రక్కన పెట్టి మరియొకనాడు మొదటినుండి చెప్పవలెను.

పిమ్మట విడి అక్షరములను పేర్చి మాటలు కూర్చుదురు. తెలుగునకు ఇందు ఒక సౌలభ్యము కలదు. అక్షరము పేరును, దాని ధ్వనియు మనకు ఒక్కటే. తల, వల, పడవ, పలక, గడప, జడ, ఆట, ఈత వంటి మాటలలో గుణింతపు గుర్తులుగాని ఒత్తులుగాని లేవు. పిల్లవానికి తెలిసిన ఇట్టి మాటలతో మొదలిడినచో అక్షరమాల అంతయు కంఠస్థము కాకమునుపే వాడు తన మాటను తాను కూర్చుకొనును. సాన్ లోరెంజోలోని పిల్లలలో వ్రాత ముందు వచ్చి చదువు తరువాత వచ్చెను.

నాలుగవది లెక్క. సున్న మొదలు తొమ్మిది వరకు అంకెలు గల పది గదుల పెట్టెలో ఒక్కొక్క గదియందు అన్ని పుల్లలు వేయవలెను. మొత్తము 45 పుల్లలు మాత్రమే ఉండును. చివర ఒకటి మిగిలినను, తగ్గినను ఎచ్చటనో తప్పు జరిగినదని పిల్లవానికే తెలియును. సున్న గది ఖాళీగా మిగులును. సున్న అనగా ఏమియు లేకుండుట అని చెప్పకయే తెలియును. పది పూసలు ఒక తీగెకు, పది తీగెలు ఒక పలకకు, పది పలకలు ఒక ఘనమునకు. వేయి పూసల ఘనమును రెండు చేతులతో ఎత్తినవానికి వేయి అనునది నోటిమాటగా మిగులదు.

భారతదేశమునకు వచ్చిన విధము

మాంటిసోరి 1909లో తన పద్ధతిని గ్రంథరూపమున ప్రకటించిరి. అది వివిధ భాషలలోనికి పోయి మన దేశమునకును చేరెను. గుజరాతులోని భావనగరమున న్యాయవాద వృత్తిని విడిచిన గిజుభాయి బధేకా 1920లో దక్షిణామూర్తి సంస్థయందు బాలమందిరమును నెలకొల్పిరి. వారి ‘దివాస్వప్న’ తెలుగులో ‘పగటికల’ అను పేరుతో వెలువడి ఉపాధ్యాయులకు సుపరిచితమైనది. 1926లో గిజుభాయి, శ్రీమతి తారాబాయి మోదక్ మొదలగువారి పూనికతో నూతన బాలశిక్షణ సంఘము ఏర్పడెను. 1931లో లండనునందు మాంటిసోరి ఉపాధ్యాయ శిక్షణాలయమున ప్రసంగించిన గాంధీమహాత్ముడు, ఈ శిక్షణ సంపన్నుల పిల్లలకే గాక నిరుపేదల పిల్లలకును అందవలెనని ఆశించిరి.

దివ్యజ్ఞాన సమాజాధ్యక్షులైన జార్జి అరుండేల్ ఆహ్వానముపై మాంటిసోరి 1939లో కుమారుడగు మారియోతో చెన్నపట్టణమునకు వచ్చి అడయారున శిక్షణ తరగతి ప్రారంభించిరి. నేటి కోస్తా, రాయలసీమ జిల్లాలు నాడు చెన్నరాష్ట్రమున అంతర్భాగములు. కొలదినెలలు మాత్రమే ఉండవలెనని వచ్చిన ఆమె, ప్రపంచయుద్ధ కారణమున 1946 వరకు ఈ దేశముననే ఉండవలసివచ్చెను. 1940లో ఇటలీ యుద్ధమున ప్రవేశింపగా ప్రభుత్వము మారియోను నిర్బంధించి, ఆమె డెబ్బదియవ జన్మదినమునాడు విడుదల చేసెను. ఈ సంవత్సరములలో దేశము నలుమూలలనుండి వచ్చిన ఉపాధ్యాయులు ఆమె వద్ద శిక్షణ పొందిరి. 1952 మే 6వ తేదీన హాలెండు దేశమున ఆమె మరణించిరి.

గ్రామమునకు తెచ్చినవారు

ఈ పద్ధతిని పట్టణపు మేడలనుండి పల్లె ముంగిళ్ళకు దింపిన కీర్తి తారాబాయి మోదక్‌ది, ఆమె సహచరి అనుతాయి వాఘ్‌ది. 1945లో వారు బొంబాయికి ఉత్తరమున నున్న బోర్డీ గ్రామమున గ్రామ బాలశిక్షా కేంద్రమును ప్రారంభించిరి; 1957లో సమీపముననున్న కోస్బాడు కొండకు తరలి, అచ్చటి వార్లీ గిరిజనుల నడుమ పనిచేసిరి.

అచ్చట వారికెదురైన కష్టములు మన పంచాయతీ సభ్యులకు తెలియనివి కావు. పిలిచినను పిల్లలు బడికి రాలేదు. అందుచే బడినే పిల్లల ఇండ్ల ముంగిటికి తీసికొనిపోయిరి. అంగణము అనగా ముంగిలి. ముంగిట జరుగు బడి అంగన్‌వాడీ. నేడు మన ప్రతి గ్రామమున వాడుకలోనున్న ఈ మాట వారి కృషినుండి వచ్చినదే. ఖరీదైన పరికరములు లేనందున గవ్వలు, గులకరాళ్ళు, గింజలు, ఆకులు, మట్టి ఉపయోగించిరి. ముందు పిల్లలకు స్నానము చేయించి, శుభ్రపరచి, పిమ్మట పని చెప్పిరి. చంటిపిల్లలను ఎత్తుకొని ఇంటనుండు అక్కలు బడికి రాలేకున్నారని గ్రహించి, శిశుసంరక్షణ కేంద్రమును, బాలవాడిని, ప్రాథమిక పాఠశాలను ఒకేచోట చేర్చిరి. పశువుల కాపరులైన పిల్లలకొరకు పచ్చిక బయళ్ళలోనే బడి నడిపిరి.

1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో సమగ్ర శిశు అభివృద్ధి సేవల పథకము ప్రారంభమైనపుడు ఈ అంగన్‌వాడీ అను పేరే దేశమంతటికిని ప్రాకెను. పేరుతో పాటు కోస్బాడు పద్ధతియు ప్రతి గ్రామమునకు చేరెనని మాత్రము చెప్పజాలము. పౌష్టికాహారము, టీకాలు, బరువు తూచుట, రికార్డులు వ్రాయుట – వీటి నడుమ పిల్లల పనికి మిగులు సమయము తక్కువ. మూడేండ్లు మొదలు ఎనిమిదేండ్ల వరకు ఒకే పునాది దశగా పరిగణించి ఆటల ద్వారా, కృత్యముల ద్వారా నేర్పవలెనని 2020 జాతీయ విద్యావిధానము నిర్దేశించినది. ఆ నిర్దేశము గ్రామమున అమలగుటకు పంచాయతీ తోడ్పాటు అవసరము.

ఫలితములు, విమర్శలు

ఈ పద్ధతివలన మేలు కలుగునని శాస్త్రీయముగా తేలినదా అని సభ్యులు అడుగవచ్చును. అమెరికా దేశమున మిల్వాకీ నగరములోని ఒక ప్రభుత్వ మాంటిసోరి పాఠశాలకు చీటీలు వేసి పిల్లలను చేర్చుకొనుచుండిరి. చీటీ వచ్చినవారిని, రానివారిని పోల్చి 2006లో ప్రకటించిన పరిశీలనమున, ఐదేండ్ల వయస్సుననే చదువులోను, లెక్కలలోను, తోటివారితో మెలగుటలోను మొదటివారు ముందున్నట్లు కనబడెను. 2025లో ఆ దేశముననే 24 ప్రభుత్వ పాఠశాలలకు సంబంధించి 588 మంది పిల్లలపై ఇదే రీతిని జరిగిన విస్తృత పరిశీలనము చదువు, జ్ఞాపకశక్తి, మనోనిగ్రహములలో మేలు కలిగినట్లును, ఖర్చు తగ్గినట్లును చూపెను. 2012లో ప్రకటితమైన మరియొక పరిశీలనము, పద్ధతిని కలగాపులగము చేయక నిష్ఠతో నడిపిన బడులలోనే ఫలితము హెచ్చుగా నున్నదని తెలిపెను. ఆ దేశపు ఫలితములు మన గ్రామములకు అట్లే వర్తించునని చెప్పరాదు. కాని దిశ తెలియుచున్నది.

విమర్శలును కలవు. పరికరములకు ఒకే ఉపయోగము నిర్ణయించుట వలన పిల్లల కల్పనాశక్తికి చోటు తగ్గునని అమెరికా విద్యావేత్త కిల్పాట్రిక్ 1914లోనే వ్రాసిరి. చిన్నపిల్లలకు అద్భుత కథలు చెప్పుట యందు మాంటిసోరికి అంతగా ఇష్టము లేదు. గిజుభాయి ఆమెను ఎంతగానో గౌరవించుచునే, కథకు తన బాలమందిరమున పెద్దపీట వేసిరి. మన అంగన్‌వాడీలలోను కథ, పాట, ఆరుబయట ఆట విడువవలసిన అవసరము లేదు.

పేరు చూచి మోసపోరాదు

మాంటిసోరి అను పేరు ఏ ఒక్క సంస్థకును చెందిన సొత్తు కాదు. అందుచే బోర్డుపై ఆ పేరున్నంత మాత్రమున లోపల ఆ పద్ధతి యున్నదని నమ్మరాదు. మూడేండ్ల పిల్లలను బెంచీలపై వరుసగా కూర్చుండబెట్టి, పలకలపై అక్షరములు పదేపదే దిద్దించుచు, ఇంటికి పని ఇచ్చి పంపు బడి ఏ పేరు పెట్టుకొన్నను మాంటిసోరి బడి కాజాలదు. ఊరిలోని ఉచిత కేంద్రమును విడిచి, అప్పుచేసి రుసుము కట్టి, పిల్లవానిని బండిలో దూరమునకు పంపు కూలికుటుంబము అట్టి బడిలో పొందుచున్నదేమో తల్లిదండ్రులకు తెలియజెప్పవలసియున్నది. ఆ మాట చెప్పు అర్హత పంచాయతీకి కలుగవలెనన్నచో ముందుగా ఊరి కేంద్రము బాగుగా ఉండవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

బోధన పంచాయతీ పని కాదు. కార్యకర్తకు శిక్షణ నిచ్చుటకు, పర్యవేక్షించుటకు శాఖాధికారులు కలరు. స్థలమును సిద్ధపరచుట మాత్రము చాలవరకు పంచాయతీ చేతిలోనిది. శిశు అభివృద్ధి పథక అధికారితోను, పర్యవేక్షకురాలితోను సంప్రదించి ఈ క్రింది పనులు చేపట్టవచ్చును.

1. నీరు, మరుగుదొడ్డి: పిల్లల చేతికందు ఎత్తున కుళాయి, వారు భయపడక కూర్చుండగల మరుగుదొడ్డి, చిన్న మెట్లు ఏర్పరచవలెను.

2. అరలు, చాపలు: గోడ పొడుగున తలుపులు లేని పొట్టి అరలు వేయింపవలెను. ఒక్కొక్క పిల్లవానికి ఒక చిన్న చాప యుండవలెను. చార్టులను, బొమ్మలను పెద్దవారి కంటి యెత్తున గాక పిల్లల కంటి యెత్తున తగిలింపవలెను.

3. ఊరి పనివారి తోడ్పాటు: వడ్రంగి ఘనములను, పుల్లల పెట్టెను చేయగలడు. కుమ్మరి చిన్న కుండలను, మేదరి చిన్న చేటలను బుట్టలను, దర్జీ బొత్తాముల చట్రమునకు గుడ్డను సమకూర్చగలరు. కర్ర బొమ్మలకు పేరుగాంచిన ఏటికొప్పాక, నిర్మల్ వంటి చోట్ల నైపుణ్యము గల కళాకారులు కలరు. కొలతలు మాత్రము ఖచ్చితముగా ఉండవలెను. కొలత తప్పిన ఘనము పిల్లవాని తప్పును వానికి చూపలేదు. అట్టిది పరికరము కాక ఆటవస్తువుగా మిగులును. రంగులు విషరహితములై, అంచులు నునుపై యుండవలెను.

4. ఉదయపు వేళను కాపాడుట: మాంటిసోరి తరగతిలో పిల్లల పనికి సుమారు మూడు గంటలు ఎడతెగక కేటాయింతురు. మన కేంద్రములలో అంత సాధ్యము కాకున్నను, ఉదయము కొంత సమయము పిల్లలకే చెందవలెను. ఆ వేళ కార్యకర్తను సభలకు, సర్వేలకు, ఇతర పనులకు పిలువకుండుట పంచాయతీ పైసా ఖర్చులేక చేయగల మేలు.

5. ఎవరు రాలేదో చూచుట: కేంద్రమునకు రాని పిల్లల జాబితా వాడవారీగా తయారు చేయవలెను. దూరపు వాడల పిల్లలు, వలస కూలీల పిల్లలు, మాట రాని, నడువలేని, బుద్ధి ఆలస్యముగా వికసించు పిల్లలు ఇంటనే మిగిలిపోవుచున్నారా అని విచారింపవలెను. ఈ పద్ధతి మొదట రూపొందినది అట్టి పిల్లల కొరకే అని మరువరాదు.

6. తల్లులతో సమావేశము: సాన్ లోరెంజో శిశుగృహమున తల్లులు పిల్లలను శుభ్రముగా పంపవలెననియు, వారమునకొకసారి ఉపాధ్యాయినితో మాట్లాడవలెననియు నియమముండెను. మన ఊరిలో నెలకొకసారియైనను తల్లిదండ్రులు వచ్చి, పిల్లలు పనిచేయుచుండగా చూచునట్లు ఏర్పాటు చేయవచ్చును. ‘మావాడికి ఇంకను అక్షరము రాలేదు’ అను ఫిర్యాదునకు ఉత్తమమైన సమాధానము ఆ దర్శనమే.

7. సభ్యుల సందర్శనము: నెలకొక సభ్యుడు అరగంటసేపు కేంద్రమున ఒక మూల కూర్చుండి చూడవలెను. పిల్లలచే పద్యము చెప్పింపరాదు, ప్రశ్నలు వేయరాదు. పిల్లలు తమంతట తాము వస్తువులు తీసి, పనిచేసి, తిరిగి పెట్టుచున్నారా? నీళ్ళు తామే త్రాగుచున్నారా? ఒలికినదానిని తామే తుడుచుచున్నారా? కార్యకర్త గొంతు ఎక్కువ వినబడుచున్నదా, పిల్లల పని ఎక్కువ కనబడుచున్నదా? ఈ నాలుగు ప్రశ్నలకు సమాధానములు వ్రాసికొని పంచాయతీ ముందుంచవలెను.

ఈ పనులన్నింటిని ఒక్క ఏడాదిలో పూర్తిచేయనక్కరలేదు. ఒక కేంద్రమున ఒక గోడకు పొట్టి అరలు, ఒక కుళాయి, పది చాపలతో ప్రారంభింపవచ్చును. రాబోవు గ్రామసభ కార్యక్రమ పత్రమున, రహదారులు, దీపముల సరసన, ‘మూడు మొదలు ఆరేండ్ల పిల్లలు’ అను ఒక అంశమును చేర్చుటకు సభ్యులు పూనుకొందురు గాక. నేడు ఊరిలో మూడేండ్ల వయస్సున్న పిల్లలకు ఇంక మూడు సంవత్సరములు మాత్రమే మిగిలియున్నవి. ఆ లోపున వారి గది సిద్ధము కావలసియున్నది.